నాపరాయి పుట్టుక

మన కామాఠీపుర గల్లీలలో గాని, వర్లీ, ప్రభాదేవి ప్రాంతములందలి తెలుగువారి చాళ్లలో గాని ఏ పాతగదిలో అడుగిడినను కాలికి ముందుగా తగులునది చల్లని బండ. దానిని ఇచ్చటి మరాఠీవారు శహాబాదీ ఫర్షీ యందురు. మనవారు షాబాదు బండ యనియు, నాపరాయి యనియు చెప్పుదురు. వంటమూలలో స్టవ్వు పెట్టుకొను నల్లని దిమ్మకు ముంబైలో అందరును వాడుమాట ‘కడప్పా’. ఆ మాట పలుకు మరాఠీ, గుజరాతీ గృహిణులలో పెక్కుమందికి కడప యనునది ఒక తెలుగు జిల్లా యని తెలియదు. మన పిల్లలలోను కొందరికి తెలియదని చెప్పుటకు మేము విచారించుచున్నాము.

ఈ సంచికలో ఆ బండను గూర్చి యొక పాఠము చెప్పదలచితిమి. ఇది పిల్లలకంటె తల్లిదండ్రులను ఉద్దేశించినది. దీనికి కారణమైన సంగతిని మొదట మనవి చేసికొందుము.

ఏడవ తరగతి బాలుడొకడు తమ చాల్ మరమ్మతులో పగిలిన బండముక్కను బడికి తెచ్చెను. మేము ఎన్నియో యేండ్లుగా చెప్పుచు వచ్చిన మాటయే నాడును చెప్పితిమి: “ఇది సున్నపురాయి. పూర్వము సముద్రములో నున్న నత్తగుల్లలు, శంఖములు, ఆలుచిప్పలు పోగుపడి గట్టిపడగా సున్నపురాయి యైనది.” బాలుడు ఆ ముక్కను అటునిటు త్రిప్పి చూచి, “ఇందులో గుల్లలెక్కడ సార్?” అని యడిగెను. భూతద్దము తెచ్చి చూచితిమి. గుల్ల లేదు, గుల్లముక్కయు లేదు. మాకు జవాబు దొరకలేదు. మరునాడు చెప్పుదుమని తప్పించుకొంటిమి. పుస్తకములు తిరగవేయగా మేము చెప్పినది కొన్ని సున్నపురాళ్లకు చెల్లునే గాని మన కాలిక్రింది బండకు చెల్లదని తేలినది. ఆ తప్పును దిద్దుకొనుటయే ఈ వ్యాసము.

రాయిని చూచు విధము

మొదట మీ యింటి నేలనే పరీక్షింపుడు. ముంబై కోటప్రాంతమున పెక్కు పాతభవనములకు వాడిన పోరుబందరు రాయిని దగ్గరగా చూచినచో రవ్వరవ్వగా గింజలు కనబడును. అదియు సున్నపురాయియే. సౌరాష్ట్ర తీరమున అతి చిన్న సముద్రజీవుల గుల్లలును గుండ్రని సున్నపుగింజలును కూడి యేర్పడినది. నాపరాయి అట్టిది కాదు. దానిలో గింజ కంటికి ఆనదు. పగిలినచోట అంచు పదునుగా నుండును. ముఖము మెత్తని సానరాతివలె నుండును. బండ ప్రక్కభాగమును తడిపి చూచినచో పలుచని గీతలు ఒకదానిపై నొకటి పేర్చినట్లు కనబడును. ఒక్కొక్కచో రంపపుపండ్లవలె వంకరలు పోయిన నల్లని సన్నని గీతయు నుండును. దాని సంగతి ముందు చెప్పెదము.

పిమ్మట పరీక్ష. ఒక చుక్క నిమ్మరసము బండముక్కపై వేయుడు. రాతిని గోకి పొడిచేసి ఆ పొడిపై వేసిన మరియు మేలు. సన్నని బుడగలు వచ్చును. వీధిలో దొరకు ముంబై నల్లరాతి కంకరపై వేసిన బుడగలు రావు. ఆ నల్లరాయి సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట దక్కనుపై పొంగిన లావా చల్లారగా నేర్పడిన బసాల్టు జాతిది. ముంబై నగరము చాలవరకు ఆ అగ్నిశిలలపై నిలిచినది. నాపరాయి యీ నేల సొత్తు కాదు. మనవలెనే అది బయటినుండి వచ్చినది.

బురదలోని పదార్థము

నాపరాతిలో ముఖ్యపదార్థము కాల్షియం కార్బొనేటు. అది స్వచ్ఛముగా నున్నచో నూరుపాళ్లలో 56 పాళ్లు సున్నము, 44 పాళ్లు బొగ్గుపులుసు వాయువు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళము మందము గల బండ సుమారు 25 కిలోలు తూగును. అది స్వచ్ఛమైన సున్నపురాయియే యైనచో అందు 11 కిలోల వాయువు బంధింపబడి యున్నదన్నమాట. నిమ్మరసము వేయగా వచ్చిన బుడగలు ఆ చెరనుండి విడుదలయైన వాయువే.

అయితే నాపరాయి పూర్తిగా స్వచ్ఛమైనది కాదు. అందు కొంత బంకమన్ను, కొంత సిలికా, కొంత మెగ్నీషియము, ఇంచుక యినుము కలిసి యుండును. తాండూరు పసుపుబండకు ఆ రంగు తుప్పుపట్టిన యినుమువలన వచ్చినది. కడప నల్లరాతికి నలుపు సన్నని బొగ్గుపదార్థము వలన వచ్చినది. నాటి సూక్ష్మజీవుల శరీరశేషము బురదలో పూడి, గాలి తగులక కుళ్లక నిలిచి, నల్లని రంగై మిగిలినది.

ఈ రాతిలోని రేణువులు ఎంత చిన్నవి? మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అందురు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. ఈ రాతిరేణువులు సాధారణముగా 4 మైక్రాన్లకు లోపు. 1959లో రాబర్టు ఫోక్ అను అమెరికా భూగర్భశాస్త్రజ్ఞుడు ఇట్టి సూక్ష్మమైన సున్నపుపదార్థమునకు ‘మైక్రైటు’ అని పేరిడెను. మన భాషలో సున్నపుబురద యని చెప్పుకొనిన చాలును. గట్టిపడక పూర్వము అది నిజముగా బురదయే.

గాజుగ్లాసులో సముద్రము

ఈ బురద యెట్లు పుట్టునో ఇంటిలోనే చూడవచ్చును. తాంబూలపు సున్నము కొంచెము తీసికొని గ్లాసెడు నీటిలో కలిపి రాత్రియంతయు కదల్పక ఉంచుడు. తెల్లవారుసరికి పైన తేటనీరు నిలుచును. దానిని మెల్లగా వేరొక గ్లాసులోనికి వంపుకొనుడు. సున్నము కంటికి ప్రమాదకరము గనుక ఇది పెద్దలే చేయవలెను. ఇక ఒక గొట్టముతో ఆ తేటలోనికి ఊపిరి ఊదుడు. పీల్చుట మాత్రము కూడదు. కొద్దిసేపటిలో నీరు పాలవలె తెల్లబడును. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నముతో కలిసి కాల్షియం కార్బొనేటు అతి సూక్ష్మరేణువులుగా పుట్టినది. ఆ పాలతెలుపే సున్నపుబురద. గ్లాసును కదల్పకున్నచో అది అడుగున పేరుకొనును.

ఇప్పుడు ఆ తెల్లని నీరు కొంచెము తీసికొని దానికి నాలుగైదింతలు సాదా సోడా పోయుడు. తెలుపు మాయమై నీరు మరల తేటబడును. సోడాలో బొగ్గుపులుసు వాయువు మిక్కుటముగా నున్నందున సున్నపురేణువులు కరగిపోయినవి. ఆ తేటనీటిని మరిగింపుడు. వాయువు పోగానే నీరు మరల మసకబారును. మన చాళ్లలో నీరు కాచు గిన్నెల అడుగున తెల్లని పెచ్చు కట్టుటకు కారణమిదియే.

ఈ చిన్న పరీక్షలో మూడు సత్యములున్నవి. నీటిలో కరగియున్న సున్నము, వాయువు బయటికి పోయినచో బురదగా దిగును. వాయువు ఎక్కువగా చేరినచో రాయియైనను కరగును. వేడి యెక్కినచో వాయువు పోవును. సముద్రములో వేలాది సంవత్సరములు జరుగు పని యంతయు ఈ మూడింటిలో ఇమిడియున్నది. వెచ్చని, లోతులేని సముద్రములలో సున్నపుబురద సులభముగా పుట్టును. చల్లని మహాసముద్రపు అగాధములలో, సుమారు 4 నుండి 5 కిలోమీటర్ల లోతునకు క్రింద, పైనుండి పడిన సున్నపురేణువులు అడుగున నిలువక కరగిపోవును.

నేటి సముద్రములలో

ఈ కాలమున సున్నపుబురద ఒక్క తెరగున పుట్టుట లేదు. అమెరికా ఖండమునకు తూర్పున బహామా దీవుల చుట్టును లోతులేని వెచ్చని సముద్రము గలదు. అచ్చట ఒక్కొక్కమారు నీలినీటిలో మైళ్ల పొడవున పాలు పోసినట్లు తెల్లని మేఘములు కనబడును. అవి నీటినుండి నేరుగా దిగిన సున్నమా, అడుగునున్న బురద మరల లేచినదా యను విషయమున శాస్త్రజ్ఞులలో నేటికిని వాదము గలదు. అదే సముద్రమున పెనిసిల్లస్ అను నాచు తన దేహములో సూదులవంటి సున్నపుస్ఫటికములను పెంచుకొనును. నాచు చచ్చి కుళ్లగానే ఆ సూదులు విడిపోయి బురదలో కలియును. వాని పొడవు కొద్ది మైక్రాన్లే.

చేపలును సున్నము చేయునని వినిన మనకు ఆశ్చర్యము కలుగును. సముద్రపుచేప ఉప్పునీరు త్రాగును. ఆ నీటిలోని కాల్షియము దాని ప్రేగులలో కార్బొనేటుగా మారి బయటపడును. మహాసముద్రములలో ఏటేట పుట్టు కార్బొనేటులో 3 నుండి 15 పాళ్ల వరకు చేపలవలన కలుగునని 2009లో ప్రకటింపబడిన పరిశోధనలో లెక్కగట్టిరి.

నడిసముద్రమున మరియొక విధము. అందు కోకోలిత్ అను సున్నపుబిళ్లలు తొడిగికొన్న ఏకకణజీవులు తేలియాడుచుండును. అవి చచ్చి అడుగున పడగా మెత్తని తెల్లని సుద్ద యేర్పడును. ఇంగ్లండులోని డోవరు తెల్లకొండలు అట్టివి. నల్లబల్లపై వ్రాయుటకు ఒకప్పుడు ఈ సుద్దనే వాడుచుండిరి. ఇప్పటి బడిసుద్దలు పెక్కు జిప్సముతో చేసినవి. జిప్సము సున్నమునకు చుట్టమే గాని సున్నపురాయి కాదు, నిమ్మరసమునకు పొంగదు.

గుల్లలు పుట్టని కాలము

ఇక మా విద్యార్థి ప్రశ్నకు వత్తము. నాపరాతిలో గుల్లలెక్కడ?

మన నాపరాళ్లు ముఖ్యముగా రెండు పురాతన సముద్రపు పల్లములలో ఏర్పడినవి. ఒకటి కర్నూలు శిలాసముదాయము. ఇది కడప, కర్నూలు, నంద్యాల, అనంతపురము సీమలలోను, ఇటు పలనాటిలోను వ్యాపించియున్నది. 1872లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ సీమలను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. ఇందలి ముఖ్యమైన సున్నపురాతి పొరకు నార్జి యను గ్రామము పేర నార్జి సున్నపురాయి యని పేరు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, తాడిపత్రి, బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతములలో తీయు నాపరాయి ఇట్టిదే. రెండవది భీమా శిలాసముదాయము. ఇది కలబురగి సీమనుండి తాండూరు వరకు సుమారు 5,000 చదరపు కిలోమీటర్లు పరచుకొనియున్నది. షాబాదు, తాండూరు బండలు దీనివి. ఈ సీమకు ఉత్తరమున ఆ సున్నపుపొరలు దక్కను లావాక్రింద దాగిపోయినవి.

ఈ బురదలు దిగిననాటికి లోకమున గుల్ల గల ప్రాణియే పుట్టలేదు. గుల్లలును పెంకులును గల ప్రాణులు ఇప్పటికి సుమారు 55 కోట్ల సంవత్సరముల క్రిందట మొదలైనవి. మన నాపరాయి అంతకు పూర్వపుది. ఇక గుల్లలెట్లు దొరకును? లేనివానిని వెదకుమని మేము పిల్లలకు నేర్పుచుంటిమి!

మరి నాడు బురదను చేసినదెవరు? కొంత సముద్రజలమే చేసినది. సున్నమును వాడుకొని గుల్లలు కట్టుకొను ప్రాణులు లేనందున నాటి సముద్రజలము సున్నముతో నిండియుండెను. కొంత సూక్ష్మజీవులు చేసినవి. నీలిహరిత సూక్ష్మజీవులు సూర్యకాంతిలో ఆహారము వండుకొనుటకు నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనును. వాయువు పోగా సున్నము దిగును. గ్లాసులో నీరు మరిగించినపుడు జరిగినదే ఇక్కడ వేడి లేకయే జరుగును. ఇట్టి జీవులు పొరపొరగా పేర్చిపోయిన రాతిగుబ్బలు కడప జిల్లా వేంపల్లె పేరుగల సున్నపురాళ్లలో నేటికిని కనబడును. అవి నార్జి రాయికంటెను ప్రాచీనములు.

బురద రాయియగుట

రేణువు పుట్టినంత మాత్రమున రాయి కాదు. అది నిలుకడగా దిగవలెను. నిశ్చలమైన నీటిలో అరమిల్లీమీటరు ఇసుకరవ్వ మీటరు లోతు దిగుటకు పది పదునైదు సెకన్లు చాలును. 4 మైక్రాన్ల సున్నపురేణువునకు సుమారు 18 గంటలు పట్టును. ఒక్క మైక్రాను రేణువునకు పండ్రెండు దినములు పట్టును. రేణువులు ఒకదానికొకటి అంటుకొని ముద్దలైనచో ఇంకను త్వరగా దిగును. ఏమైనను అలలు కలచివేయు తావున ఇట్టి రేణువు నిలువదు. కావున నాపరాయి యున్నచోట ఒకప్పుడు ప్రశాంతమైన నీరుండెనని మనము నిశ్చయింపవచ్చును. జుహు తీరమున ఇసుకయు, మాహిము కయ్యలో బురదయు ఉండుట యిందువలననే.

క్రొత్తగా దిగిన బురదలో మూడింట రెండు వంతులు నీరే. దానిపై మరియొక పొర, దానిపై నింకొకటి పడుచుండగా బరువునకు నీరు పిండబడి పోవును. రేణువుల అంచులు కరగి, ఆ కరగిన సున్నమే సందులలో మరల స్ఫటికమై రేణువులను అతికివేయును. బయటి సిమెంటు అక్కరలేక బురద తన సున్నముతో తానే అతుకుకొనును. ఒత్తిడి మిక్కుటమైనచోట రాయి ఒక గీత వెంబడి కరగి, కరగని మట్టియు బొగ్గును నల్లని రంపపుగీతగా మిగులును. బండ ప్రక్కన మనము చూచినది అదియే. ఒక్కొక్కమారు బురదతోపాటు మట్టి కొంచెము ఎక్కువగా దిగును. ఆ మట్టిపొర బలహీనము గనుక బండ అచ్చటనే చీలును. నాపరాయి పలకలుగా లేచుటకు రహస్యమిది.

సన్నని రాతి ఘనకార్యములు

రేణువు సన్నమైనందున ఈ జాతిరాయి శిల్పికిని, ముద్రాపకునికిని ప్రియమైనది. అమరావతి మహాచైత్యమున క్రీస్తుకు పూర్వము మొదలుకొని మూడవ శతాబ్దము వరకు మన శిల్పులు చెక్కిన ఫలకములు పలనాటి సున్నపురాతివి. నగలపై ముత్యములను, వస్త్రముల ముడుతలను అంత సున్నితముగా చెక్కుటకు గరుకురాయి లొంగదు. ఆ ఫలకములు నేడు చెన్నై ప్రదర్శనశాలలోను, లండనులోని బ్రిటిషు మ్యూజియములోను ఉన్నవి.

జర్మనీలోని సోల్నహోఫెన్ అను చోట ఇట్టి సన్నని సున్నపురాయి గలదు. అది సుమారు 15 కోట్ల సంవత్సరములనాటిది. 1796లో అలోయిస్ సెనెఫెల్డరు ఆ రాతిపై జిడ్డుసిరాతో వ్రాసి ముద్రించు శిలాముద్రణమును కనుగొనెను. 1861లో ఆర్కియాప్టెరిక్స్ అను ఆదిపక్షి యీక ముద్ర ఆ రాతిలోనే దొరకినది. ఈకలోని పోచలు సైతము నిలిచినవనగా ఆ బురద యెంత మెత్తనిదో ఊహింపుడు. 1894లో రాజా రవివర్మ మన ముంబై గిర్గాంవులో స్థాపించిన ముద్రణాలయమున దేవతల పటములు అచ్చయినది ఈ శిలాముద్రణ విద్యతోనే. మన తాతల పూజామూలలలోని లక్ష్మీ సరస్వతుల పటములకు మూలము ఒక సముద్రపుబురద యనుట అతిశయోక్తి కాదు.

వాన యీ రాతిని కరగించినచో గుహలగును. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలములోని బెలుము గుహలు నార్జి సున్నపురాతిలో తొలువబడినవి. 1884లో రాబర్టు బ్రూస్ ఫూట్ వానిని పేర్కొనెను. 1982, 83 సంవత్సరములలో డేనియల్ గెబౌరు నాయకత్వమున జర్మను బృందము వానిని కొలిచినది. వాని పొడవు మూడు కిలోమీటర్లకు పైగా నున్నది. మన గ్లాసులో సోడా చేసిన పనిని అచ్చట లక్షల సంవత్సరములు నీరు చేసినది. ఈ సున్నపురాయినే మట్టితో కలిపి సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాల్చి సిమెంటు చేయుదురు. అనగా పాతచాల్ నేలయందును, క్రొత్త బహుళాంతస్తుల భవనము గోడయందును ఉన్నది ఆ సున్నమే.

ఇంటిలో గమనింపవలసినవి

ఇంత తెలిసిన పిమ్మట తల్లులు ఒక మాట గుర్తుంచుకొనవలెను. నల్ల కడపరాతిపై నిమ్మచెక్క, చింతపండు, టమాటా ముక్క వదలినచో తెల్లని మచ్చ పడును. అది మురికి కాదు, రాయి కరగి నునుపు పోయినచోటు. ఎంత తోమినను పోదు, మరల సానపట్టవలసినదే. నేల తెల్లబడునని మరుగుదొడ్డి ఆమ్లమును బండలపై పోయువారున్నారు. బుసబుస పొంగునది మురికి యనుకొందురు. పొంగునది బండయే. ఆమ్లమును బ్లీచింగు పొడితో కలిపినచో క్లోరిను అను విషవాయువు పుట్టును. గాలి చొరని పదడుగుల గదిలో పసిపిల్లలున్నపుడు ఇది ప్రాణాపాయము. సబ్బునీరు చాలును.

ఒక తండ్రి చెప్పిన పాఠము

కామాఠీలు 18వ శతాబ్దాంతము మొదలుకొని నిజాము రాజ్యపు తెలుగుసీమనుండి వచ్చి ఈ నగరపు కట్టడములలో రాళ్లు మోసిన సంగతి మీరెరుగుదురు. వారి పేరే ఈ పేటకు నిలిచినది. 1871లో ముంబైనుండి పోయిన రైలుమార్గము రాయచూరువద్ద మద్రాసు మార్గముతో కలిసినది. ఆ దారిలోనే షాబాదును, వాడియు గలవు. రాయచూరు దాటి పోయినచో తాడిపత్రి, ఎర్రగుంట్ల, కడప వచ్చును. 1874లో వాడినుండి సికిందరాబాదుకు వేసిన మార్గమున తాండూరు గలదు. మన పెద్దలు వచ్చిన దారియును, బండలు వచ్చిన దారియును ఒక్కటే.

బండముక్క తెచ్చిన బాలుని తండ్రి వేసవిలో మావద్దకు వచ్చెను. ఆయన తాపీపని చేయును. కుమారుని ఇంగ్లీషు బడిలో చేర్పదలచి బదిలీపత్రము అడుగవచ్చితినని చెప్పెను. “తెలుగుల చదివితే సైన్సు రాదంటున్నరు సారూ” అనెను. ఆ మాటలో మమ్ము నిందించు భావము లేదు, భయము మాత్రమే యున్నది. మేము వాదింపలేదు. ఆ సమయమున బల్లమీద నున్న బండముక్కను ఆయన చూచి చేతిలోనికి తీసికొనెను. వ్రేలితో తట్టి ధ్వని వినెను. “ఇది మా తాండూరు దిక్కు బండ. చిన్నప్పుడు గనిల పనిచేసిన” అని, అంచుపై గోటితో ఒక గీత చూపి, “ఈడ మన్ను ఉన్నది. ఉలి ఈడ పెడితెనే లేస్తది. పక్కకు పెడితె ముక్కలైతది. ఇది ఒకప్పుడు బురదనే సారూ, ఎండిన చెరువు లెక్క పొరలు పొరలు” అనెను.

మేము పుస్తకములలో వెదకి తెలిసికొన్నది ఆయన చేతివ్రేళ్లలో ముప్పది యేండ్లుగా నున్నది. ప్రక్కన నిలుచున్న బాలుడు తండ్రిని వింతగా చూచుచుండెను. తన తండ్రికి ఈ సంగతి తెలియునని అతడు ఎన్నడును అనుకొని యుండలేదు. మేము కాల్షియమును, మైక్రాన్లను గూర్చి చెప్పగా తండ్రి వినెను. ఆయన ఉలిదెబ్బను గూర్చి చెప్పగా మేము వింటిమి. ఆ అరగంట మాటలన్నియు తెలుగులోనే జరిగినవి. ఏ ఒక్క విషయమును మన భాషకు అందక నిలిచిపోలేదు.

బదిలీపత్రము ఇచ్చితిమి. అది తండ్రి హక్కు. ఆ బాలుడిప్పుడు వేరొక బడిలో చదువుచున్నాడు. పోవునపుడు బండముక్కను మా బల్లపై విడిచి, “వచ్చే తరగతివాళ్లు కూడ చూస్తరు గదా సార్” అనెను. అది నేటికిని అచ్చటనే యున్నది. ఆ తరువాతి తరగతికి మేము దానితోనే పాఠము చెప్పితిమి. గుల్లల మాట ఈ మారు సరిగా చెప్పితిమి.

తల్లిదండ్రులారా! మీ పిల్లలను ఏ బడిలో చదివించినను అది మీ యిష్టము. మేము కోరునది స్వల్పము. పాతచాళ్లు కూలి క్రొత్త మేడలు లేచుచున్న కాలమిది. పాత బండలు ఊడదీసి పారవేయుచున్నారు. అవి పోకముందే ఒక సాయంకాలము పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, బండపై చేయివేసి, ఇది ఏ ఊరినుండి వచ్చినదో, ఎట్లు తీయుదురో, మీ పెద్దలు దానిని ఎట్లు మోసిరో మీకు తెలిసినంత చెప్పుడు. తరువాత ఒక చుక్క నిమ్మరసము వేసి బుడగలు చూపుడు. అవి ఏల వచ్చినవని వాడడిగిన ఈ పుట తీసి చదివింపుడు. అప్పటికిని సందేహము మిగిలినచో వానిని మావద్దకు పంపుడు. మాకు తెలిసినంత చెప్పెదము. తెలియనిచో ఇద్దరమును కలిసి వెదకెదము.